వినుట నేర్పు గురువులు: అమెరికా విశ్వవిద్యాలయములలో కౌన్సెలింగు ఆచార్యవర్గము

రాష్ట్రేతరాంధ్రులను గూర్చిన యిట్టి సంపుటములలో పెద్దలు సాధారణముగా మన పూర్వుల వలసలను, శాసనములను, గ్రామనామములను, కులవృత్తులను పరిశీలించి వ్రాయుచుందురు. నేను పరిశోధకుడను గాను. తమిళనాడున హోసూరు ప్రాంతమునందు తెలుగు పిల్లలకు తెలుగు చెప్పు బడిపంతులును. నా బడిలో పుట్టిన యొక ప్రశ్నకు సమాధానము వెదకుచు చదివినంతలో నాకు తెలిసిన సంగతుల నిందు విన్నవించుచున్నాను. సంగతులు చాలవరకు అమెరికా దేశమునకు సంబంధించినవి. ప్రశ్న మాత్రము మనది.

ప్రశ్న పుట్టిన తీరు

కొన్ని సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఎనిమిదవ యేడు చదువుచున్న బాలుడొక డుండెను. వాని గుర్తు తెలియకుండుటకై వివరములు కొన్ని మార్చి చెప్పుచున్నాను. పద్యము చదువుమనిన ముందుగా లేచు పిల్లవాడు, రెండు నెలలపాటు నోరు విప్పుట మానినాడు. అదే సమయమున మా బడికి కౌన్సెలరుగా నొక అమ్మగారు వచ్చిరి. దయగల మనిషి. బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అరగంటసేపు తమిళమున నెమ్మదిగా మాటలాడిరి. వాడు ప్రతి ప్రశ్నకును “ఒన్నుమిల్లై” అని బదులు చెప్పెను. అనగా, ఏమియు లేదని. ఆమె తన పుస్తకమున సమస్య కానరాలేదని వ్రాసికొని వెడలిరి.

ఆ సాయంకాలము బాలుడు వేపచెట్టు క్రింద నా దగ్గర నిలిచి, “యాలో తెలీదు సార్, ఎదమీద గుండు పెట్టినట్లుంది” అనెను. ఇంటి తెలుగులో వాడు పలికిన మాట అది యొక్కటియే. నేనేమి చేసితిని? వెంటనే ధైర్యము చెప్పితిని. సుమతీ శతకము నుండి యొక పద్యము చదివితిని. చదువుకొన్నచో కష్టములు తీరునంటిని. పావుగంటసేపు నేనే మాటలాడితిని. వాడు “సరే సార్” అని వెళ్ళిపోయి, మరి నెలరోజులు నా దగ్గరకు రాలేదు.

తరువాత చాలదినములు ఆలోచింపగా నాకు తోచిన దిది. ఆమెకు వినెడి విద్య గలదు, పిల్లవాని భాష లేదు. నాకు పిల్లవాని భాష గలదు, వినెడి విద్య లేదు. వినుట యనునది పుట్టుకతో వచ్చు గుణము గాక నేర్పదగిన విద్యయే యైనచో దానిని నేర్పు గురువు లెవరు? ఏ యర్హతతో నేర్పుచున్నారు? ఎట్లు నేర్పుచున్నారు? ఈ ప్రశ్నలు నన్ను అమెరికా విశ్వవిద్యాలయముల కౌన్సెలింగు విద్యాశాఖల చరిత్రకు గొనిపోయినవి. ఏలయన, ఈ వృత్తికి ప్రత్యేకమైన ఆచార్యవర్గము ఏర్పడి నియమములు కట్టుబడినది ముఖ్యముగా ఆ దేశముననే.

కౌన్సెలరనగా నెవరు?

మన భాషలో ఈ మాటకు సరియైన పర్యాయము స్థిరపడలేదు. సలహాదారు అందమా, కౌన్సెలరు పని సలహా లిచ్చుట గాదు. హితబోధకుడు అందమా, బోధించుట యంతకంటె గాదు. కష్టములో నున్నవాడు తన మాటలలో తన స్థితిని తానే చూచుకొనునట్లు చేసి, తరువాతి యడుగు తానే నిర్ణయించుకొనుటకు తోడ్పడువాడు కౌన్సెలరు. అతడు మందు లిచ్చు వైద్యుడు గాడు. అందుచే ఈ వ్యాసమున కౌన్సెలరను మాటనే వాడుచున్నాను. కౌన్సెలరు నొద్దకు సాయము కోరి వచ్చువానిని అర్థి యందును.

కౌన్సెలరులను తయారుచేయు ఆచార్యులను అమెరికాలో కౌన్సెలర్ ఎడ్యుకేటర్లందురు. వీరి శాఖలు తరచుగా విశ్వవిద్యాలయముల విద్యాకళాశాలలలో, అనగా ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చు కళాశాలలలో, నెలకొనియున్నవి. మనస్తత్వశాస్త్ర శాఖ వేరు, ఈ శాఖ వేరు. ఈ భేదమునకు కారణము చరిత్రలో నున్నది. ఈ వృత్తి ఆసుపత్రిలో పుట్టలేదు. పని వెదకికొను యువకుల నడుమ పుట్టి, పాఠశాలలలో పెరిగినది.

చరిత్ర సంగ్రహము

1908లో బోస్టను నగరమున ఫ్రాంక్ పార్సన్స్ అను నాతడు యువకులకు తగిన వృత్తి నెంచుకొనుటలో తోడ్పడుటకై యొక కార్యాలయమును స్థాపించెను. ఆ సంవత్సరమే ఆయన మరణించెను. ఆయన గ్రంథము 1909లో వెలువడినది. తన్ను తాను తెలిసికొనుట, వృత్తులను తెలిసికొనుట, ఈ రెంటికిని పొంతన చూచుట యనునవి ఆయన చెప్పిన మూడు మెట్లు. 1911లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మేయర్ బ్లూమ్‌ఫీల్డు ఈ విషయముపై పాఠములు చెప్పెను. విశ్వవిద్యాలయమున ఈ విద్యకు పీట పడుట అప్పటినుండియే.

తరువాత రెండు మార్గము లేర్పడినవి. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఇ. జి. విలియమ్సన్ విద్యార్థుల శక్తులను పరీక్షలచే కొలిచి, కారణము నిర్ణయించి, మార్గము సూచించు పద్ధతిని నిలబెట్టెను. ఆయన గ్రంథము 1939 నాటిది. ఒహైయో స్టేటు విశ్వవిద్యాలయమునకు 1940లో వచ్చిన కార్ల్ రోజర్స్ దీనికి భిన్నముగా, మార్గము సూచించుట కంటె అర్థి మాటను లోతుగా విని, దానిని గ్రహించినట్లు అతనికి తెలియజేయుటయే ముఖ్యమనెను. అంతకంటె విశేషమేమనగా, ఆయనయు ఆయన శిష్యులును సంభాషణలను గ్రామఫోను పళ్లెములపై ముద్రించిరి. 1942లో ప్రకటించిన గ్రంథమున ఒక యర్థితో జరిగిన ఎనిమిది సమావేశముల సంభాషణను ఆదినుండి తుదివరకు అచ్చువేసిరి. అంతవరకు నాలుగు గోడల నడుమ జరిగిపోవు మాట అట్లు గురువునకు వినబడు వస్తువైనది. ఈ విద్యలో గురుత్వమునకు ఆధారము అదియే యని నా యభిప్రాయము.

1957 అక్టోబరు 4వ తేదీన రష్యావారు స్పుత్నిక్ నుపగ్రహమును ఆకాశమున కెగురవేసిరి. విజ్ఞానమున వెనుకబడితిమన్న భయముతో అమెరికా ప్రభుత్వము 1958లో జాతీయ రక్షణ విద్యాశాసనమును చేసినది. తెలివిగల విద్యార్థులను గుర్తించి విజ్ఞానశాస్త్రముల వైపు నడుపుటకు పాఠశాలలలో కౌన్సెలరులు కావలెనని తలంచి, వారి శిక్షణకు ఆ శాసనపు అయిదవ భాగమున ధనము కేటాయించిరి. విశ్వవిద్యాలయములు శిక్షణాలయములను తెరచినవి. వానిలో బోధించుటకు ఆచార్యులు కావలసివచ్చిరి. ఆకాశమున తిరుగు లోహపు బంతి యొకటి, దుఃఖము వినుట నేర్పు ఆచార్యుల సంఖ్యను పెంచినదనుట విచిత్రముగా తోచును. కాని చరిత్ర అట్లే నడచినది.

1940లో మార్గదర్శన పర్యవేక్షకుల సంఘముగా మొదలైన సంస్థ, 1961లో కౌన్సెలరు విద్యా పర్యవేక్షణ సంఘమను పేరు దాల్చినది. 1981లో ఈ విద్యాశాఖలను పరీక్షించి గుర్తింపు నొసగుటకు సి.ఎ.సి.ఆర్.ఇ.పి. అను మండలి వెలసినది. ఆచార్యుల యర్హతలను, సంఖ్యను, కర్తవ్యములను గూర్చి ఆ మండలి చేసిన నియమములు ఈ వ్యాసమునకు ముఖ్యములు.

ఆచార్యవర్గపు స్వరూపము

మొదట ఈ శాఖలలో మనస్తత్వశాస్త్రము చదివినవారును, ఉపాధ్యాయ శిక్షకులును కలసి బోధించుచుండిరి. మండలి 2009 నియమములలో నొక గీత గీచినది. 2013 జూలై 1 తరువాత కొత్తగా నియమింపబడు మూలాచార్యులకు కౌన్సెలరు విద్యయందే డాక్టరేటు పట్టము ఉండవలెను. అంతకుముందే ఒక విద్యాసంవత్సర మైనను అట్టి శాఖలో పూర్తికాలము పనిచేసినవారికి మాత్రము మినహాయింపు గలదు. ఈ నియమముపై మనస్తత్వశాస్త్రజ్ఞులు అసంతృప్తి తెలిపిరి. అయినను వృత్తికి తనదైన గురుపరంపర యుండవలెనన్న వాదమే నిలిచినది.

ఆ డాక్టరేటు చదువునకు అయిదు ముఖ్యాంగములు గలవు: కౌన్సెలింగు, పర్యవేక్షణ, బోధన, పరిశోధన, నాయకత్వముతో గూడిన ప్రజాపక్ష వాదము. ఇందు రెండవదానిని గమనింపవలెను. ఇతరుని పనిని పర్యవేక్షించుట స్వయముగా నొక విద్య యనియు, మంచి కౌన్సెలరైన ప్రతివాడును మంచి పర్యవేక్షకుడు కానేరడనియు వీరు అంగీకరించిరి. మన ఉపాధ్యాయ శిక్షణాలయములలో ఈ యెరుక ఇంకను కలుగవలసియున్నది.

2016 నియమముల ననుసరించి ప్రతి శాఖలోను ముగ్గురు మూలాచార్యులకు తక్కువ కాకూడదు. బయటినుండి పాఠమునకు వచ్చు తాత్కాలిక బోధకులు చెప్పు పాఠముల గంటలు మూలాచార్యుల గంటలను మించరాదు. విద్యార్థుల సంఖ్య, పూర్తికాలపు లెక్కన, ఆచార్యుడొక్కనికి పన్నిద్దరిని దాటరాదు. చరిత్ర పాఠమును ఒక ఆచార్యుడు పెద్ద మందిరమున రెండువందల మందికి చెప్పవచ్చును. ఈ విద్యలో అట్లు వీలుపడదు. ఏల వీలుపడదో ముందు చూతము.

పాఠ్యాంశములు ఎనిమిది. వృత్తిధర్మము, సాంఘిక సాంస్కృతిక వైవిధ్యము, మానవుని ఎదుగుదల, జీవనోపాధి నిర్ణయము, కౌన్సెలింగు సంబంధము, సమూహ కౌన్సెలింగు, పరీక్షలు కొలతలు, పరిశోధన. ఎం.ఏ. స్థాయి చదువు సాధారణముగా రెండు మూడేండ్లు పట్టును. ఒక ఆచార్యుడు పాఠశాల కౌన్సెలింగునందు, మరియొకడు మానసికారోగ్యమునందు, వేరొకడు కుటుంబ విషయములందు ప్రత్యేక కృషి చేసి యుందురు. కాని అందరికిని సమానమైన పని యొకటి గలదు.

వినువానిని వినుట

ఆ పని పర్యవేక్షణము. విద్యార్థి మొదట 100 గంటల ప్రాక్టికము చేయవలెను. అందు 40 గంటలు నిజమైన యర్థులతో గడపవలెను. పిదప 600 గంటల ఇంటర్న్‌షిప్పు. అందు 240 గంటలు అర్థులతో. ప్రాక్టికము నడచునంతకాలము విద్యార్థి వారమునకు ఒక గంట ఒంటరిగానో, ఇంకొక విద్యార్థితో కలసియో పర్యవేక్షకుని యెదుట కూర్చుండును. ఇదిగాక గుంపుగా గంటన్నర. ప్రాక్టికములోను ఇంటర్న్‌షిప్పులోను విద్యార్థి యర్థులతో జరిపిన సంభాషణలను, వారి యంగీకారముతో, ధ్వనిముద్రణమో చలచిత్రమో చేసి తేవలయును. లేదా పర్యవేక్షకుడు సంభాషణను ప్రత్యక్షముగ చూడవలయును. కొన్ని శాఖలలో ఒకవైపునుండి మాత్రము కనబడు అద్దపు గదులు గలవు. అద్దము వెనుక ఆచార్యుడు కూర్చుండి వినును.

అనగా ఇక్కడి గురువు చెప్పువాడు గాడు, వినువాడు. అర్థిని విద్యార్థి వినును; ఆ వినుచున్న విద్యార్థిని గురువు వినును. పన్నిద్దరు విద్యార్థులకు ఒక్కడని నియమము పెట్టుటకు కారణ మిదియే. చెవి యొక్కటి, గంటలు కొన్ని.

ఈ వినుటకు పద్ధతులను కనిపెట్టినవారు గలరు. 1960ల దశాబ్దమున మిచిగన్ స్టేటు విశ్వవిద్యాలయమున నార్మన్ కేగన్ సంభాషణ ముగిసిన వెంటనే దాని చిత్రమును తిరిగి చూపు పద్ధతిని పెంపొందించెను. ఇందు చిత్రమును ఆపు మీట విద్యార్థి చేతిలోనే యుండును. తాను తడబడిన చోట తానే యాపి, అప్పుడు తన మనస్సులో నేమి మెదలెనో చెప్పవలెను. గురువు తప్పు పట్టడు, అడుగుచుండును. 1968లో అలెన్ ఐవీ, ఆయన సహచరులు మరియొక త్రోవ చూపిరి. వినుటను చిన్నచిన్న నేర్పులుగా విడగొట్టిరి. కన్నులు కలిపి చూచుట, అర్థి యెత్తిన విషయమును విడువకుండుట, అతని మాటను క్లుప్తముగ మరల చెప్పుట, అతని భావమునకు పేరు పెట్టుట. సంగీతము నేర్చువాడు సరళీవరుసలు సాధించునట్లు వీనిని ఒక్కొక్కటిగా సాధింపవలెను.

1979లో జెనీన్ బెర్నార్డు పర్యవేక్షకునకు మూడు పాత్రలు గలవని చెప్పెను: ఉపాధ్యాయుడు, కౌన్సెలరు, సంప్రదింపునకు దొరకు తోటివాడు. ఉదాహరణము చూతము. ఒక బాలిక “నాకు ఇంటికి పోవాలని లేదు” అన్నదనుకొందము. శిక్షణలో నున్న విద్యార్థి తొందరపడి “అట్లనరాదు, అమ్మ బాధపడదా?” అన్నాడు. టేపు వినిన గురువు ఉపాధ్యాయుడుగా, “ఆ చోట ‘ఇంటికి పోవాలని లేదా?’ యని ఆమె మాటనే మెల్లగా తిరిగి పలికి ఊరకుండి చూడుము” అని నేర్పవచ్చును. కౌన్సెలరు పాత్రలో, “ఆ మాట వినగానే నీకేమి తోచినది? అంత త్వరగా ఆమెను ఆపవలెనని యేల అనిపించినది?” అని యడుగవచ్చును. తోటివాడుగా, “వచ్చే వారము ఆమెతో నేమి చేయదలచితివి? ఇద్దరము ఆలోచింతము” అనవచ్చును. ఒకే తప్పునకు మూడు ద్వారములు. ఏది యెప్పుడు తెరువవలెనో తెలియుటయే ఆచార్యుని నేర్పు.

ఇది చదివిననాడు నాకు వేపచెట్టు క్రింది సాయంకాలము గుర్తునకు వచ్చినది. నా పద్యమును, నా ధైర్యవచనములను ఎవరైన టేపుపై ముద్రించి నాకే వినిపించియున్న, మొదటి నిమిషముననే నేను మీట నొక్కి ఆపియుందును.

ద్వారపాలనము

ఆచార్యునకు మరియొక కఠినమైన కర్తవ్యము గలదు. పరీక్షలలో ఉత్తీర్ణుడైన విద్యార్థి కూడ అర్థులకు హాని చేయు స్వభావము గలవాడైనచో, అతనిని వృత్తిలోనికి పోనీయకుండ నిలుపవలెను. దీనిని వారు ద్వారపాలనమందురు. అమెరికా కౌన్సెలింగు సంఘపు 2014 నాటి ధర్మసూత్రములు దీనిని స్పష్టముగ చెప్పుచున్నవి. లోపమును మొదట తెలియజేయవలెను, సరిదిద్దుకొనుటకు సాయము చేయవలెను, ఆ పిమ్మటనే తొలగింపు. ఆచార్యుడు తనకు లోబడియున్న విద్యార్థికి తానే కౌన్సెలరు కాగూడదని కూడ ఆ సూత్రములు శాసించుచున్నవి. రహస్యము విన్న చేతితోనే మార్కులు వేయరాదు గదా!

ఈ యధికారము వివాదరహితము గాదు. 2009లో ఈస్టర్న్ మిచిగన్ విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థిని, స్వలింగ సంబంధమును గూర్చి మాటలాడవలసిన యర్థిని తన మతవిశ్వాసము కారణముగా వేరొకరికి అప్పగింపుడని కోరగా, ఆచార్యులు ఆమెను శాఖనుండి తొలగించిరి. వ్యవహారము న్యాయస్థానమున కెక్కినది. 2012 జనవరిలో ఆరవ మండల అప్పీలు న్యాయస్థానము, ఆచార్యుల ఉద్దేశమును జ్యూరీ విచారింపవలెనని తీర్పుచెప్పినది. ఆ సంవత్సరాంతమున ఉభయులును రాజీపడిరి. 2014 ధర్మసూత్రములలో కేవలము తన విశ్వాసములకు సరిపడలేదను కారణమున అర్థిని వేరొకరికి పంపరాదని వ్రాసిరి. విద్యార్థి మనస్సాక్షికిని అర్థి క్షేమమునకును నడుమ ఆచార్యుడు నిలుచు చోటు ఎంత యిరుకైనదో దీనివలన తెలియును.

తెలియని భాషలోని టేపు

ఇంతవరకు చెప్పినది ఆ వ్యవస్థ బలము. ఇక దాని బలహీనతను చూతము. మనకు పనికివచ్చు పాఠము ఇందే యున్నది.

1962లో గిల్బర్ట్ రెన్ అను ఆచార్యుడు తన వృత్తివారినే హెచ్చరించెను. కౌన్సెలరు తన సంస్కృతి యను గుల్లలో ముడుచుకొని, లోకమంతయు అదే యనుకొను ప్రమాదము గలదనెను. 1992లో స్యూ, అరెడాండో, మెక్‌డేవిస్ అనువారు వివిధ సంస్కృతుల ప్రజలతో పనిచేయుటకు కావలసిన సామర్థ్యములను పట్టికగా కూర్చిరి. అర్థి కోరిన భాషలో సంభాషించు బాధ్యత కౌన్సెలరుదే. తనకా భాష రానిచో తగిన యితరుని చూపవలెనని అందు గలదు.

మాట బాగుగనే యున్నది. కాని ఆచరణమున చిక్కు వచ్చినది. స్పానిషు భాష యెరిగిన విద్యార్థి స్పానిషు అర్థితో ఆ భాషలోనే మాటలాడి టేపు తెచ్చును. గురువునకు ఇంగ్లీషు మాత్రమే వచ్చు. అప్పుడు ఆ టేపు నెవరు వినవలెను? విద్యార్థి యనువదించి చెప్పిన మాటయే గురువునకు దక్కును. తడబాటు, నిట్టూర్పు, ఇంటి మాటలోని ఆప్యాయత, సామెతలోని వెటకారము, ఇవన్నియు అనువాదమున జారిపోవును. సంభాషణ అర్థి భాషలో, పర్యవేక్షణ గురువు భాషలో. అందుచే తన భాషలో మంచిగా పనిచేసిన విద్యార్థికి మంచి యనిపించుకొను వీలు లేదు. తప్పు చేసినవానికి దిద్దుబాటును లేదు. కౌన్సెలరుకు భాష వచ్చినంత మాత్రమున చాలదు. అతనిని వినెడి గురువునకు కూడ ఆ భాష వచ్చియుండవలెను. ఈ సత్యము నాకు ఆ గ్రంథములలో దొరకిన ముఖ్యఫలము.

మన దేశమున

మన దేశమునకు ఈ విద్య కొత్తది గాదు. 1954లో ఢిల్లీయందు కేంద్ర విద్యా వృత్తి మార్గదర్శన కార్యాలయము నెలకొనినది. 1964-66 నాటి కొఠారీ సంఘము మార్గదర్శనమును విద్యలో నొక యంగముగ పరిగణించెను. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ సంస్థవారు ఉపాధ్యాయులకు మార్గదర్శన కౌన్సెలింగు డిప్లొమా నేర్పరచి, మైసూరు, భువనేశ్వరము, భోపాలు, అజమీరులలోని ప్రాంతీయ విద్యాసంస్థల ద్వారా నడిపిరి. ఇందు ఆరునెలలు దూరవిద్య, మూడునెలలు సంస్థలో ముఖాముఖి శిక్షణ, మూడునెలలు స్వస్థలమున ఇంటర్న్‌షిప్పు. మైసూరు కన్నడనాటను, భువనేశ్వరము ఒడిశాలోను ఉన్నవని మనవారు గమనింపవలెను. అవి మనకు దూరదేశములు గావు.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ శాసనము తన పట్టికలో కౌన్సెలరులను కూడ చేర్చినది. 2025 జూలై 25న సుప్రీముకోర్టు, విశాఖపట్టణమున చదువుకొనుచు మరణించిన ఒక విద్యార్థిని వ్యవహారమున తీర్పు చెప్పుచు, నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయు పిల్లల మానసికారోగ్యమున శిక్షణ గల కౌన్సెలరునో, మనస్తత్వజ్ఞునో, సంఘసేవకునో ఒక్కరినైనను నియమింపవలెనని ఆదేశించినది. చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధము పెట్టుకొనవలెను. బోధకులకును ఇతర సిబ్బందికిని ఏటా రెండుమారులు శిక్షణ మీయవలెను.

కావున ఇకమీదట మన బడులకు కౌన్సెలరులు వత్తురు. వచ్చువారు ఏ భాషలో విందురు? రాజ్యాంగపు 350ఏ అధికరణము, 1956 సవరణతో చేరినది, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించు సదుపాయములు కల్పింపవలెనని చెప్పుచున్నది. అది పిల్లవానికి చెప్పు భాషను గూర్చిన మాట. పిల్లవాని నుండి విను భాషను గూర్చి అందు లేదు. అది మనము చూచుకొనవలసిన పని.

మన కర్తవ్యము

ఈ సందర్భమున సంఘమువారికి మూడు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది. ప్రతి సంవత్సరము రాష్ట్రేతర ప్రాంతములనుండి ఒకరిద్దరు తెలుగు ఉపాధ్యాయులు ఇట్టి డిప్లొమా శిక్షణకు పోవునట్లు సంఘము ప్రోత్సహింపవలెను. ప్రయాణమునకు, బసకు కొంత సాయము చేయవలెను. డిప్లొమా పొందినంతనే ఉపాధ్యాయుడు మానసిక వైద్యుడు గాడు. తనకు మించిన వ్యవహారమును గుర్తించి తగినవారికి అప్పగించు తెలివి ఆ శిక్షణలో ముఖ్యభాగము.

రెండవది. శిక్షణ పొందినవారు ఒంటరిగ మిగులరాదు. అమెరికా ఆచార్యుల ఏర్పాటునుండి మనము గ్రహింపవలసినది ఇదియే: వినువానిని వినువా డొక డుండవలెను. తెలుగు విశ్వవిద్యాలయములలోను ఆసుపత్రులలోను పనిచేయు అనుభవజ్ఞులైన తెలుగు నిపుణులను కోరి, నెలకొకమారైనను ఈ ఉపాధ్యాయుల పనిని తెలుగులోనే విని దిద్దు ఏర్పాటు చేయవచ్చును. పిల్లల పేర్లు చెప్పకుండ, పెద్దల యంగీకారముతో, ధర్మసూత్రములకు లోబడి ఇది జరుగవలెను. దూరవాణియు చిత్రవాణియు చేతిలో నున్న ఈ దినములలో ఇది అసాధ్యము గాదు.

మూడవది. మన పిల్లలు బాధను చెప్పు మాటలు పుస్తకపు తెలుగున లేవు. హోసూరు పిల్లవాని గుండు, బళ్ళారి పిల్ల మాట, గంజాము పిల్లవాని మాట, షోలాపురపు మగ్గపు ఇండ్ల మాట, యానాము మాట వేర్వేరుగ నుండును. ప్రక్కభాషల మాటలు వానిలో కలసియుండును. ఆయా ప్రాంతముల ఉపాధ్యాయులు భయము, దిగులు, సిగ్గు, కోపము మున్నగు భావములకు పిల్లలు నిజముగ వాడు మాటలను సేకరించి పట్టికగా కూర్చినచో, తెలుగు తెలియని కౌన్సెలరుకు కూడ అది కొంత దారి చూపును. భాషాపరిశోధకులకు సైతము ఉపయోగపడును. ఈ సంపుటమునకు తగిన పరిశోధనయే యని నేను తలంచుచున్నాను.

ఆ బాలుడు పదవ తరగతి ముగించి వెడలిపోయెను. వాని యెదమీది గుండు ఏమిటో నేనిప్పటికిని ఎరుగను. అడుగవలసిన వేళ నేను మాటలాడుచుంటిని. ఇప్పుడు తరగతిలో ఏ పిల్లవాడైన దగ్గరకు వచ్చి నిలిచినచో, పద్యము నాలుక చివరకు వచ్చినను మింగి, వాని మాటనే మెల్లగా తిరిగి పలికి ఊరకుండుటకు ప్రయత్నించుచున్నాను. సరిగ చేయుచున్నానో లేదో చెప్పుటకు నాకు గురువు లేడు. నా తరువాత వచ్చు ఉపాధ్యాయునకైన అట్టి గురువు, తెలుగు వినగల గురువు, దొరకునట్లు పెద్దలు చూతురు గాక యని ప్రార్థించుచున్నాను.